పదిమందిలో నేర్చిన చదువు

(పౌరకార్మికుల దినాన్ని పురస్కరించుకొని అత్తిబెలెలో తెలుగు కుటుంబాల సమావేశంలో పురసభ అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా సెప్టెంబరు 23వ తేదీని కర్ణాటకలో పౌరకార్మికుల దినంగా పాటిస్తున్నాం. ఈ సందర్భంలో నన్ను మాట్లాడమన్న విషయం ‘వ్యక్తి ఎదుగుదల, సమాజం, బోధన’. మూడూ పెద్ద మాటలే. పురసభ ప్రకటనలను కన్నడం నుంచి తెలుగులోకి మార్చడం నా వృత్తి కనుక, పెద్ద మాట కంటబడగానే ఇది చదివే మనిషికి ఏ పనికి వస్తుందన్న ప్రశ్న నాకు మొదట తోస్తుంది. ఈ మూడు మాటలనూ అదే ప్రశ్నతో పరిశీలించదలచుకున్నాను.

ఎదుగుదల అనగానే మన కళ్ళముందు ఒక నిచ్చెన నిలుస్తుంది. ఒక్కొక్కరే ఎక్కవలసిన నిచ్చెన అది. అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, కర్నూలు నుంచో, మహబూబ్‌నగర్ నుంచో ఊరు విడిచి వచ్చినవారికి ఆ నిచ్చెనే ఆశ. ఆ ఆశను చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. అయితే నిచ్చెన మొదటి మెట్టు దగ్గరికే రానివ్వని మనుషులు లోకంలో చాలాకాలం ఉన్నారు. బడి గడప తొక్కనివ్వని కులాల స్త్రీలు, అక్షరం నేర్పడమే నేరంగా ఎంచిన దేశాలలో బానిసలుగా బతికిన స్త్రీలు అటువంటివారు. వారికి చదువు ఎవరో ఒకరు పూనుకొని నేర్పితే తప్ప దక్కలేదు. అందువల్ల చదువంటే ఏమిటో, నేర్పడమంటే ఏమిటో వారికి తెలిసినంతగా తక్కినవారికి తెలియలేదని నా నమ్మకం. ఈ సాయంత్రం వారి అనుభవాన్నే మీ ముందుంచుతాను.

అమెరికా నల్లజాతివారి బతుకునూ మన దళితుల బతుకునూ పక్కపక్కన పెట్టి చూడడం ఈనాటి ఆలోచన కాదు. జోతీరావు ఫూలే 1873లో ‘గులాంగిరీ’ అనే పుస్తకం ప్రకటించినప్పుడు, బానిసత్వాన్ని తొలగించినందుకు అమెరికా ప్రజలకు దానిని అంకితమిచ్చాడు. ఆ తరువాత వందేళ్ళకు, 1972లో, బొంబాయిలోని దళిత యువకులు అమెరికాలోని బ్లాక్ పాంథర్ల పేరు చూసి తమ సంఘానికి దళిత పాంథర్లు అని పేరు పెట్టుకున్నారు. రెండు బతుకులూ ఒకటేనని నేను అనను. జాతి వేరు, కులం వేరు. కాని అక్షరం విషయంలో రెండుచోట్లా స్త్రీలు నడిచిన దారి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నది.

ఒక విద్యార్థిని చూసిన రెండు బడులు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో హాప్కిన్స్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ 1952లో గ్లోరియా జీన్ వాట్కిన్స్ అనే ఆడపిల్ల పుట్టింది. పెద్దయ్యాక తన ముత్తవ్వ పేరునే కలం పేరుగా స్వీకరించి బెల్ హుక్స్ అయింది. ఆంగ్లంలో ఆ పేరును చిన్న అక్షరాలతోనే రాసుకునేది. తన పేరుకన్న తాను చెప్పే మాటమీద చదువరి దృష్టి నిలవాలన్నది ఆమె ఉద్దేశం. 2021 డిసెంబరులో ఆమె మరణించింది.

ఆమె చిన్ననాట నల్లవారి పిల్లలకు వేరే బడులు ఉండేవి. ఆ బడిలో పాఠాలు చెప్పినవారు దాదాపు అందరూ నల్లజాతి స్త్రీలే. వారికి ప్రతి పిల్ల ఇల్లూ తెలుసు, తల్లిదండ్రులు తెలుసు, ఏ ఇంట కష్టం ఉన్నదో తెలుసు. పిల్లకు చదువు చెప్పడమంటే, నిన్ను తక్కువదానివంటున్న లోకానికి నీవు జవాబు చెప్పగలవని ధైర్యం ఇవ్వడమేనని వారు భావించారు. తరువాత జాతి వేర్పాటు తొలగి, నల్లవారి పిల్లలు తెల్లవారి బడులకు వెళ్ళారు. న్యాయంగా జరగవలసిన మార్పే అది. కాని కొత్త బడిలో ఆ పిల్లకు మరొక అనుభవం ఎదురయింది. అక్కడ చదువు సమాచారంగా మారిపోయింది. తెల్లపిల్లలతో సమానమని అనుక్షణం రుజువు చేసుకోవలసి వచ్చింది. నేర్చుకోవాలన్న అతి ఉత్సాహమే తప్పుగా కనిపించింది. ఒకే పిల్ల, ఒకే బుద్ధి, రెండు బడులు. మొదటిదానిలో చదువు విడుదలగా ఉంటే, రెండవదానిలో విధేయతగా మారింది.

ఈ తేడాను ఆమె జీవితాంతం ఆలోచించింది. 1994లో ‘టీచింగ్ టు ట్రాన్స్‌గ్రెస్’, 2003లో ‘టీచింగ్ కమ్యూనిటీ’ అనే పుస్తకాలు వెలువరించింది. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరె, వియత్నాం బౌద్ధ భిక్షువు థిచ్ నాట్ హాన్ ఆమె ఆలోచనను ప్రభావితం చేశారు. ఆమె వాదంలోని సారాన్ని నా మాటలలో చెప్పాలంటే ఇంతే. నేర్పేవారు కూడా నేర్చుకుంటూ, తమ మనసును బాగుచేసుకుంటూ ఉండాలి. తరగతిలో ప్రతి ఒక్కరి గొంతూ వినబడాలి. చదువు బడి నాలుగు గోడలలో ఆగిపోకుండా ఇంటిలో, వాడలో, పనిచోట సాగాలి. వ్యక్తి ఎదుగుదలకూ సమాజం ఎదుగుదలకూ నడుమ ఆమె గోడ కట్టలేదు.

అంగడి వెనుక గదిలో బడి

పుస్తకాలలోని మాట ఇది అని మీరు అనుకోవచ్చు. పనిలో చూపినవారి కథ కూడా చెబుతాను.

సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ నగరం పక్కన జాన్స్ ద్వీపం ఉన్నది. 1950ల నాటికి అక్కడి నల్లవారిలో చాలామందికి చదవడం రాదు. వోటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక భాగాన్ని అధికారి ముందు చదవాలి. చదువు నేర్పరు, చదువు రాదని వోటు ఇవ్వరు. ఆ ద్వీపం నుంచి నగరానికి ఈసా జెన్కిన్స్ అనే ఆయన బస్సు నడిపేవాడు. రోజూ పనికి వెళ్ళేవారిని తీసుకుపోతూ దారిలోనే ఆ రాజ్యాంగ భాగాన్ని వారికి వినిపించి వల్లెవేయించేవాడు. ఆ ప్రయాణికులలో ఆలిస్ వైన్ అనే ఆమె దానిని కంఠస్థం చేసింది. కాని తాను నోటితో అప్పజెప్పినది కంటితో కూడా చదవాలని ఆమె కోరింది. ఆ కోరికనుంచి ఒక బడి పుట్టింది.

ఆ బడికి రూపమిచ్చినది సెప్టిమా క్లార్క్. 1898లో పుట్టిన ఈ ఉపాధ్యాయిని యవ్వనంలో ఆ ద్వీపంలోనే పాఠాలు చెప్పింది. నల్లవారి హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనందుకు 1956లో, నలభై ఏళ్ళ సేవ తరువాత, ఆమె ఉద్యోగం పోయింది. ఆమె అధైర్యపడక, పెద్దల చదువు పనిలోకి దిగింది. 1957 జనవరిలో జాన్స్ ద్వీపంలోని ఒక సహకార అంగడి వెనుక గదిలో తరగతి మొదలైంది. పాఠం చెప్పడానికి పంతులమ్మను కాక, బెర్నీస్ రాబిన్‌సన్ అనే సౌందర్యశాల నడిపే స్త్రీని ఎంచారు. ఆమె జీవనం తెల్ల యజమాని చేతిలో లేదు కనుక ఆమెను బెదిరించి ఆపడం కష్టం. అంతకన్న ముఖ్యంగా, మనుషులను కూర్చోబెట్టి వారి మాట వినడం ఆమెకు తెలుసు. మొదటి తరగతికి పద్నాలుగు మంది వచ్చారు. మీరేమి నేర్చుకోవాలని వచ్చారని ఆమె అడిగింది. తమ పేరు రాయాలని కొందరు, బైబిలు చదవాలని కొందరు, మనియార్డరు కాగితం నింపాలని కొందరు, వోటు కావాలని అందరూ చెప్పారు. అవే పాఠాలయ్యాయి. అంగడి సరుకుల జాబితా, మనియార్డరు ఫారం, రాజ్యాంగంలోని ఆ భాగం, ఇవే పాఠ్యపుస్తకాలయ్యాయి.

పౌరసత్వ పాఠశాలలు అనే పేరుతో ఈ బడులు తరువాతి ఏళ్ళలో దక్షిణాది రాష్ట్రాలంతటా వందల సంఖ్యలో నడిచాయి. నేర్చుకున్నవారిలో కొందరు తిరిగి వెళ్ళి తమ ఊళ్ళలో నేర్పేవారయ్యారు. 1965లో అమెరికా చేసిన వోటు హక్కుల చట్టం ఆ చదువు పరీక్షలను అడ్డుకున్నది. ఆ చట్టం రావడానికి కారణాలు అనేకం. వాటిలో ఈ అంగడి వెనుక గది కూడా ఒకటి.

మన ఇంటి కథలు

ఇక మన వైపు చూద్దాం. పుణెలో 1848లో సావిత్రీబాయి ఫూలే, జోతీరావు ఆడపిల్లలకు బడి తెరిచారు. వారి బడిలో చదివిన ముక్తా సాళ్వే అనే మాంగ్ కులపు బాలిక తన పద్నాలుగవ ఏట మాంగ్, మహార్ జనుల దుఃఖాన్ని గురించి రాసిన వ్యాసం 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. చదువుకొన్న మూడేళ్ళకే ఆ పిల్ల తన ఒక్కదాని కష్టం రాసి ఊరుకోక, తన వారందరి పక్షాన సమాజాన్ని నిలదీసింది.

హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో దళితుల పిల్లలకు చిన్న పాఠశాల స్థాపించాడు. పాలకుల భాష ఉర్దూ అయిన ఆ కాలంలో ఆయన బడులు తెలుగులో నడిచాయి. క్రమంగా వాటి సంఖ్య పెరిగింది. ఆ చైతన్యం వ్యాపించిన జంటనగరాలలోనే, సికింద్రాబాదు చిలకలగూడలో, 1918లో ఈశ్వరీబాయి పుట్టింది. ఆమె బడిలో పంతులమ్మగా పనిచేసింది. పేద పిల్లల కోసం తానే ఒక పాఠశాల నడిపింది. 1950ల ఆరంభంలో సికింద్రాబాదు పురపాలక సంఘానికి సభ్యురాలిగా ఎన్నికైంది. పురసభ పుస్తకంలో అచ్చయ్యే ఈ ప్రసంగంలో ఈ వివరాన్ని నేను ప్రత్యేకంగా చెబుతున్నాను. నీళ్ళు, దీపాలు, మరుగుకాలువలు, వాడ పిల్లల చదువు, ఇవే ఆమె రాజకీయానికి మొదటి పాఠాలు. తరువాత 1967లో, 1972లో ఎల్లారెడ్డి నియోజకవర్గం నుంచి శాసనసభకు వెళ్ళి, నిర్భయంగా ప్రశ్నించే సభ్యురాలిగా పేరు పొందింది. ఆ సభలోనే అంతకు ముందు టి.ఎన్. సదాలక్ష్మి అనే దళిత స్త్రీ 1960లో ఉపసభాపతి అయింది, తరువాత దేవాదాయ శాఖ మంత్రి అయింది. ఒకప్పుడు గుడి గడప దాటనివ్వని సమాజంలో పుట్టిన స్త్రీ గుళ్ళ పరిపాలన చూసింది. ఆమె జీవితకథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ అనే పేరుతో గ్రంథస్థం చేశారు. తెలుగులో దళిత స్త్రీలు 1921 నుంచి రాసిన రచనలను వెదకి ‘నల్లపొద్దు’ అనే సంకలనంగా 2003లో అందించినవారు కూడా ఆమే. ఎవరూ రాయలేదనుకున్న చోట ఎనభై ఏళ్ళ సాహిత్యం ఉన్నదని ఆ పుస్తకం చూపింది. ఒకరి చదువు తన వెనుకటివారి గొంతును కూడా వెలికి తేగలదనడానికి ఇది గట్టి తార్కాణం.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసి, రాత్రి లాంతరు వెలుగులో కూర్చున్న స్త్రీలు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడువల్ల చెడిన కుటుంబం కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆ స్త్రీలు, ఇది మన కథే కదా అనుకొని ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారు చేసిన పనిని తరువాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా చేర్చారు. దానిని చదివి మరికొన్ని ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారన్నది కూడా చరిత్రే. చట్టం నిలిచినా నిలవకపోయినా, చదివిన పాఠం చేసిన పనిగా మారడం, చేసిన పని మళ్ళీ పాఠంగా మారడం మనవారు కళ్ళారా చూశారు. జాన్స్ ద్వీపానికీ దూబగుంటకూ నడుమ వేల మైళ్ళ దూరం ఉన్నా, పద్ధతి ఒకటే.

‘మేము’, ‘మనం’

ఇప్పుడు అత్తిబెలెకు వద్దాం. మన ఊరు 44వ జాతీయ రహదారి మీద, కర్ణాటక తమిళనాడుల పొలిమేరలో ఉన్నది. అవతల హోసూరు. రాష్ట్రాల నడుమ గీత ఉన్నదే తప్ప, ఇళ్ళలోని భాషలు ఆ గీతకు ఇవతల ఒకటి, అవతల ఒకటిగా విడిపోలేదు. తరాలుగా ఇక్కడే ఉండి తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. నిన్నమొన్న కర్మాగారాల పనికి, కట్టడాల పనికి వచ్చినవారున్నారు. కార్యాలయాలలో ఉద్యోగాలు చేసేవారున్నారు. వీధులు ఊడ్చేవారున్నారు.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. బెంగళూరు ప్రాంతపు పౌరకార్మికులలో అధికసంఖ్యాకులు దళితులు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఇంట తెలుగు మాట్లాడేవారు వారిలో ఎందరో ఉన్నారు. నేటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి తరాల కిందట వచ్చిన కుటుంబాలవారు వారిలో చాలామంది. ఏళ్ళ తరబడి గుత్తేదారుల కింద పనిచేసి, సంఘాలు కట్టుకొని, 2022 జులైలో సమ్మె చేసి, ఉద్యోగ భద్రత కోసం పోరాడినవారు వీరే. 2025 మే 1న బెంగళూరు నగరంలో 12 వేలకు పైగా పౌరకార్మికులు శాశ్వత నియామక పత్రాలు అందుకున్నారు. ఈ నగర ప్రాంతంలో ఇటీవల తెలుగు గొంతులు కూడా కలిసి సాధించిన పెద్ద విజయాలలో ఇది ఒకటి. అయితే మన తెలుగు వేడుకలలో, ఉగాది కవితా పఠనాలలో, దానిని మన విజయంగా ఎన్నిసార్లు చెప్పుకున్నాం?

నా వృత్తిలో రోజూ ఎదురయ్యే ఒక చిక్కు ఉన్నది. కన్నడంలో ‘నావు’ అనే మాట ఒక్కటే. తెలుగులోకి వచ్చేసరికి దానికి రెండు మాటలు కావాలి. వినేవారిని కలుపుకొంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. ‘పట్టణాన్ని నావు శుభ్రంగా ఉంచాలి’ అన్న వాక్యం వస్తే, నేను ‘మేము’ అని రాస్తే కార్యాలయం ఒకవైపు, ప్రజలు ఒకవైపు నిలుస్తారు. ‘మనం’ అని రాస్తే అందరూ ఒకవైపే నిలుస్తారు. వ్యాకరణం మనకు ఇంత స్పష్టమైన తేడాను ఇచ్చింది. బతుకులో మాత్రం ఆ తేడాను మనం తప్పుగా వాడుతున్నాం. పరాయి ఊరిలో ‘మనవాళ్ళు’ అంటూ తెలుగువారిని వెదుక్కుంటాం. వెదికి పట్టుకున్నాక, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, కులం తెలుసుకొని, ‘మనం’ నుంచి మళ్ళీ ‘మేము’లోకి జారిపోతాం. ఊరు విడిచి వచ్చేటప్పుడు వదిలించుకోగలిగిన బరువును మూటగట్టుకొని రావడం ఇది. నల్లజాతి ఉపాధ్యాయినులు, దళిత స్త్రీలు మనకు చూపిన చదువు ఈ మూట విప్పకుండా సాగదు. ఎందుకంటే ఆ చదువులో అందరూ ఒకే చాప మీద కూర్చోవాలి.

చేయదగిన పని

మాటలు చాలు, పని చెప్పమని మీరు అడగవచ్చు. నేను ప్రతిపాదించేది చిన్న పని. వారానికి ఒక్కసారి, ఒక్క గంట, పదిమంది స్త్రీలు కూర్చొనే చదువుల కూటమి. ఎవరైనా నిస్సంకోచంగా అడుగుపెట్టగల చోటు చూసుకోవాలి. కుట్టుపని చేసే అక్క దుకాణమైనా, సౌందర్యశాలైనా, అంగన్‌వాడీ వసారా అయినా సరే. పౌరకార్మికుల పని తెల్లవారక ముందే మొదలవుతుంది కనుక, వారికి వీలైన సాయంకాలం వేళనే అందరూ అంగీకరించాలి. పిల్లలను ఎత్తుకొని వచ్చినవారిని ఇబ్బందిగా చూడకూడదు. ఒకరు పాఠం చెబుతుంటే మరొకరు పిల్లలను చూసుకోవచ్చు.

పాఠ్యపుస్తకం కొననక్కరలేదు. మీ ఇంటికి వచ్చే కాగితాలే పాఠాలు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదు, బడి నుంచి వచ్చిన చీటీ, రేషను కార్డు, మందుల చీటీ, బస్సు పలక. ముందుగా, ఎవరికి ఏది చదవాలని ఉందో అడగండి. అది చదివిన మనిషి, వచ్చే వారం మరొకరికి చదివించాలి. అప్పుడు కూటమిలో శాశ్వతంగా పంతులమ్మ ఎవరూ ఉండరు, శాశ్వతంగా చదువురానివారు కూడా ఉండరు.

కన్నడం మనకు కొండ కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపినుంచి విడిపోయినవి. తెలుగు చదవగలవారికి కన్నడ అక్షరాలలో సగానికి పైగా పరిచయమైన ముఖాలుగానే కనిపిస్తాయి. మాటల విషయంలో ఒక చిన్న కీలకం చెబుతాను. తెలుగులో మొదట ‘ప’ ఉన్నచోట కన్నడంలో తరచు ‘హ’ వస్తుంది. పాలు అక్కడ హాలు, పులి అక్కడ హులి, పువ్వు అక్కడ హూవు, పండు అక్కడ హణ్ణు, పాము అక్కడ హావు. పేరు అనే మాట హెసరు అయింది. దరఖాస్తులో హెసరు అంటే పేరు, తందె అంటే తండ్రి, తాయి అంటే తల్లి, విళాస అంటే చిరునామా, దినాంక అంటే తేదీ, సహి అంటే సంతకం, కందాయ అంటే పన్ను. ఈ ఏడు మాటలు గుర్తిస్తే చాలా దరఖాస్తులలో మొదటి సగం మీరే నింపగలరు. అర్జీ, రశీదు మనకు ముందే తెలుసు. తెలుగు రాయడం కూడా రానివారు కూటమిలో ఉంటే వారికి రెండు అక్షరాలూ పక్కపక్కన చూపండి. ఇంటి భాష చదువుకు అడ్డం రాదు, మెట్టు అవుతుంది.

కూటమిలో చదవవలసిన మూడు విషయాలు ఉన్నాయి. మొదటిది పిల్లల బడి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. పాత బడి నుంచి బదిలీ పత్రం రావడం ఆలస్యమైందని చేరికను ఆపడం కుదరదు. చదువు నడుమ ఆగిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, తక్కినవారితో సమంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పనుల వెంట ఊరూరు తిరిగే తల్లిదండ్రులు ఈ నాలుగు వాక్యాలనూ కంఠస్థం చేసుకోదగినవారు. ఆలిస్ వైన్ లాగా, కంఠస్థం చేసినదానిని చదవడం కూడా నేర్చుకోవాలి.

రెండవది బడి నిర్వహణలో చోటు. ఆ చట్టమే ప్రభుత్వ బడులలో నిర్వహణ సమితి ఉండాలన్నది. దాని సభ్యులలో నూటికి 75 మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సగం మంది స్త్రీలు కావాలి. కర్ణాటకలో దీనిని ఎస్.డి.ఎం.సి. అంటారు. కన్నడం సరిగా రాదన్న సంకోచంతో మన తల్లులు ఆ సమావేశాలలో మౌనంగా ఉండిపోతారు. ఈశ్వరీబాయి పురసభలో మొదలుపెట్టింది ఇటువంటి ప్రశ్నలతోనే. మధ్యాహ్న భోజనం ఎలా ఉన్నది, మరుగుదొడ్లకు నీళ్ళున్నాయా, పంతులు వస్తున్నారా అన్నవి అడగడానికి పండిత భాష అవసరం లేదు.

మూడవది వోటు. మనం నిజంగా ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే వోటరుగా ఉండాలన్నది నియమం. రెండు చోట్ల పేరు ఉండకూడదు. కొత్తగా నమోదు కావడానికి 6వ నమూనా, నివాసం మారినప్పుడు 8వ నమూనా నింపాలి. 18 ఏళ్ళు నిండడానికి ఇప్పుడు ఏటా నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఇక్కడే నివసిస్తున్నవారు పేరును ఇక్కడికి మార్చుకోవాలి.  ఇక్కడి వీధి దీపం, ఇక్కడి నీటి కుళాయి, ఇక్కడి చెత్త బండి గురించి మాట్లాడే గొంతుకు ఇక్కడి వోటు బలాన్నిస్తుంది.

ఎదుగుదలకు మరొక పేరు

ఇంత పని చేస్తే నాకు వచ్చేదేమిటి అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నలో స్వార్థం లేదు. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే స్త్రీకి ఒక గంట చాలా విలువైనది. ఆ గంటను ఎవరైనా అడిగితే కారణం చెప్పవలసిందే.

నేను చెప్పే కారణం ఇది. ఒంటరిగా నేర్చుకున్నది సులభంగా మరచిపోతాం. మరొకరికి నేర్పవలసి వచ్చినప్పుడు మనకు తెలిసినది స్పష్టమవుతుంది, తెలియనిది బయటపడుతుంది. ఇది ప్రతి తల్లికీ, ప్రతి మేస్త్రీకీ, ప్రతి వంటమనిషికీ అనుభవమే. ఇంకొకటి కూడా ఉన్నది. తనకు చదువు రాదని సిగ్గుపడుతూ సంతకం చోట వేలిముద్ర వేసే మనిషి, పక్కనున్నవారికి ఒక్క మాట నేర్పగానే తనను తాను చూసుకొనే తీరు మారుతుంది. వీపు నిటారవుతుంది, గొంతు కొంచెం పెద్దదవుతుంది. కార్యాలయం బల్ల ముందు నిలిచినప్పుడు ‘అయ్యా, దయచేసి’ అన్న చోట ‘సార్, ఈ కాగితంలో ఇలా ఉంది కదా’ అన్న మాట వస్తుంది. గౌరవం తగ్గకుండానే భయం తగ్గుతుంది. బెల్ హుక్స్ చెప్పిన విడుదల ఇదేనని నేను అర్థం చేసుకున్నాను.

మగవారికి కూడా ఒక విన్నపం. ఆ గంట వంటింటి బాధ్యత మీరు తీసుకోండి. దూబగుంట స్త్రీలు పాఠం చదివినప్పుడు మొదట ఎదిరించినవారు ఇంటివారే. చివరకు ఎక్కువ మేలు పొందినవారు కూడా ఆ ఇంటివారే.

చదువుకున్న ఉద్యోగులకు మరొక విన్నపం. మీరు కూటమికి వస్తే పెద్దకుర్చీ కోసం రావద్దు. మీకు తెలియనివి అక్కడ చాలా ఉన్నాయి. ఈ పట్టణంలో ఏ కాలువ ఏ వానకు పొంగుతుందో, ఏ వీధిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయరో, ఏ మలుపులో దీపం వెలగదో పౌరకార్మికురాలికి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. ఆమె పాఠం చెబితే మనం వినాలి. ఆమె నేర్పే రోజున ఆ కూటమిలో ఆమే గురువు.

రేపు నేను మళ్ళీ నా బల్ల దగ్గర కూర్చొని ఏదో ఒక ప్రకటనను తెలుగు చేస్తాను. దానిలో ‘నావు’ అనే మాట వస్తే, ‘మనం’ అని రాయగలిగినంత ధైర్యం ఈ సభ నాకు ఇవ్వాలని కోరుకుంటున్నాను. వచ్చే ఆదివారమే ఒక కూటమి మొదలైతే, చాప పరచడానికి నేనూ వస్తాను. అక్కలారా, మీ ఇంటిలో చదవలేక పక్కన పెట్టిన కాగితం ఒకటి వెంట తీసుకొని రండి. దానితోనే మొదలుపెడదాం.